మూడు గుప్పిళ్ళ నూకలు

మా కోడలు శ్రావణికి పుట్టిన మొదటి ఇద్దరు మగపిల్లలనూ నేనే చేతుల మీద తీసుకెళ్ళి పూడ్చి వచ్చాను. ఒకడు తొమ్మిది రోజులు బతికాడు, ఇంకొకడు పంతొమ్మిది. పేరు పెట్టే ఇరవై ఒకటో రోజు ఇద్దరూ చూడలేదు. ఇంట్లో వాళ్ళ గురించి మాట్లాడుకోం. ఏమని పిలిచి మాట్లాడుకోవాలి?

మూడోవాడు ఈ జూన్‌లో పుట్టాడు.

"మీ నాన్నకి సేసినట్టే ఈడికీ సేసీవాల" అంది నా భార్య నూకాలమ్మ.

నా తండ్రికి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదట. అందుకని ఆయన్ని చేటలో పడుకోబెట్టి, చెత్తకుప్ప పక్కన దించి, పొరుగావిడ చేత గుప్పెడు తవుడుకు కొనిపించారు. పారేసిన బిడ్డను చావు కూడా పట్టించుకోదని నమ్మకం. కొన్నావిడే పేరు పెట్టాలి. ఆ పేరు కాదంటే బేరం చెల్లదు. ఆయనకు తవిటయ్య అని పెట్టారు. ఎనభై రెండేళ్ళు బతికాడు.

కొనడానికి పక్క క్వార్టర్ పూరబీ దీదీని అడిగాం. ఐదుగురు పిల్లలు కళ్ళెదుట తిరిగే మనిషి. బెంగాలీ అయినా, తెలుగువాళ్ళెక్కువున్న ఈ ట్రాఫిక్ రైల్వే కాలనీలోనే పుట్టి పెరిగింది కాబట్టి మాతో మా తెలుగే మాట్లాడుతుంది. పద్ధతంతా చెప్పాం. ఆవిడా తవిటయ్య అనే పిలుస్తుందని మాకు మేమే అనుకున్నాం. అదే మేం చేసిన పొరపాటు.

పదకొండో రోజు పొద్దున క్వార్టర్ల వెనక చెత్తకుప్ప పక్కన చేట దించాం. పూరబీ దీదీ కొంగులో ఏదో మూటగట్టుకుని వచ్చింది.

"తవుడు నా ఇంట్లో ఎక్కడుంటాది నూకాలమ్మా? నేనేటి ఆవుని పెంచుతున్నానా? పిచ్చుకలకేసే ఖుద్ తెచ్చినాను."

"నూకలా? మరీ మంచిది. భూమ్మీద ఈడికి నూకలున్నాయని రాసీసినట్టే" అని నవ్వింది నా భార్య. చాలా రోజుల తరవాత నవ్వింది.

దీదీ శ్రావణి ఒడిలో మూడు గుప్పిళ్ళు పోసి బిడ్డను ఎత్తుకుంది. అంతలో ఆమె ముఖం మారిపోయింది. "అరె! మా మేదినీపూర్ బిడ్డని కూడా వాళ్ళక్క ఇలాగే కొన్నాది కదా. మూడు గుప్పిళ్ళ ఖుద్ ఇచ్చి." బిడ్డ చెవి దగ్గర వంగి, "ఖుదీరాం" అంది.

అందరూ సంతోషించారు. మా అబ్బాయి అమర్‌నాథ్ వర్క్‌షాప్‌లో అందరికీ మిఠాయి పంచాడు. నేను మాత్రం సంతోషించలేకపోయాను. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. ఆ పేరు గల కుర్రవాణ్ణి తెల్లవాళ్ళు పద్దెనిమిదేళ్ళ వయసులో ఉరి తీశారని ప్రతి ఆగస్టులో నా నోటితోనే చెప్పాను. ఆ రోజు పాత పరీక్ష కాగితం వెనక, మా వాడికి పద్దెనిమిది నిండే సంవత్సరం రాసుకున్నాను. రాసి, కొట్టేశాను. కొట్టేసినా కనబడుతూనే ఉంది.

పంతొమ్మిదో రోజు సాయంత్రం వాడి ఒళ్ళు వేడెక్కింది. పాలు తాగలేదు. డాక్టరు చుక్కల మందిచ్చి, రేపటిదాకా చూద్దామన్నాడు. రెండోవాడు పోయింది పంతొమ్మిదో రోజునే. నేను పక్క క్వార్టర్‌కు వెళ్ళాను.

"దీదీ, ఆ పేరు మార్చగలవా?"

ఆవిడ బియ్యం ఏరడం ఆపింది. "నేను ఆ ఫాసీ, ఆ ఉరి చూసి పెట్టలేదు, మాస్టర్‌మోశాయ్. అక్క కొనుక్కున్నాదని పెట్టినాను."

"నాకు తెలుసు. అయినా భయంగా ఉంది."

"మార్చమంటే మార్చీస్తాను. మారిస్తే మరి ఆడు నా వాడు కాడు. ఇది మీ రూలే కదా? ఒళ్ళు కాలుతున్న బిడ్డని ఇప్పుడు ఎవరి చేతికి ఇచ్చీమంటారు?"

తిరిగి వచ్చేసరికి శ్రావణి గడపలోనే నిలబడి ఉంది. గోడలు పల్చన, అంతా విన్నది. చేతిలో బిడ్డ పేరు నమోదు చేయించే ఫారం ఉంది. దాన్ని నింపే పని నాకే అప్పగించారు. ఎనిమిది రోజులుగా నింపకుండా బల్ల సొరుగులో దాచాను.

"మావయ్యా, ఆయన ఎన్నేళ్ళు బతికినాడు?"

"పద్దెనిమిది."

ఆమె లోపలికి, ఉయ్యాల వైపు చూసింది. "ఒకడు తొమ్మిది రోజులు. ఒకడు పంతొమ్మిది. నాకెవరైనా పద్దెనిమిదేళ్ళు ఇస్తానంటే వద్దంటానేటి? రాసీండి."

"అమ్మా..."

"ఆ పైన సంగతి అప్పుడు సూసుకుందుము. ఇవాళ రాసీండి."

రాశాను. నల్లబల్ల మీద ఎన్నోసార్లు రాసిన పేరే, అయినా రెండుచోట్ల కలం ఆగింది. లోపల వాడు సన్నగా మూలుగుతున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం దిగింది. అది మందు వల్లనే అనుకుంటాను.

ఆగస్టు వచ్చింది. ఏడో తరగతికి ఎప్పటిలాగే ఆ పాఠం చెప్పడం మొదలుపెట్టాను. అక్క మూడు గుప్పిళ్ళ నూకలిచ్చి తమ్ముణ్ణి కొనుక్కుందని చెప్పి ఆగాను. ముందు బెంచీలోని శ్రీజ చెయ్యెత్తింది.

"తరవాతేటయినాది సార్?"

"బతికాడమ్మా" అన్నాను.

పుస్తకం మూశాను. గంట కొట్టడానికి ఇంకా పావుగంట ఉంది.