వియ్యపురాలి అలక

పెళ్లిపెద్దరికం నెత్తిన వేసుకునేవాళ్లు ఆడపెళ్లివాళ్లెవరో, మగపెళ్లివాళ్లెవరో ముందే బాగా ఆలోచించుకోవాలి. బొమ్మల పెళ్లికి అంత ఆలోచనెందుకని కమలాక్షమ్మ అనుకుంది. నంద్యాలలో పుట్టి పెరిగిన మనిషి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడే ఆళ్లగడ్డ బడికి టీచరుగా వచ్చింది. ఊరి సంగతులు ఆమెకింకా ఒంటబట్టలేదు.

రెండో తరగతిలో అహల్య, వరలక్ష్మి ఒకే చాపమీద కూర్చునేవారు కాదు. పెద్దవాళ్లకు పొలం గట్టు దగ్గర తగాదా. ఆ గట్టు ఎక్కడుందో కూడా ఈ పిల్లలకు తెలియదు, అయినా ఒకరి ముఖం ఒకరు చూసేవారు కాదు. చెప్పి చెప్పి విసిగిపోయి, ఆటలో పెట్టి కలుపుదామని కమలాక్షమ్మ అహోబిలం తిరునాళ్లలో జంట కొయ్యబొమ్మలు కొనుక్కొచ్చింది. చేతికొచ్చినట్టు పెళ్లికూతుర్ని అహల్యకిచ్చింది, పెళ్లికొడుకును వరలక్ష్మికిచ్చింది.

తరగతంతా పెళ్లిపనుల్లో మునిగింది. జొన్నదంటు బెండుతో పందిరి వేశారు, అగ్గిపెట్టెతో పల్లకి చేశారు. బాసికాల దారం జారిపోతుంటే ఆ ఇద్దరూ తలలు ఆనించి ముడి వేశారు. పెళ్లిరోజున అహల్య, తన ఇంట్లో చూసినట్టే, గిన్నెతో నీళ్లు తెచ్చి అల్లుడి కాళ్లు కడిగింది. అప్పగింతల్లో తన బొమ్మను వరలక్ష్మి ఒళ్లో పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. వరలక్ష్మి ఆ కళ్లు తుడిచి, పక్కన కూర్చోబెట్టుకుని బెల్లంముక్క పెట్టింది. ఆనాటి నుంచి ఇద్దరిదీ ఒకటే చాప. చూసి కమలాక్షమ్మకు కడుపు నిండిపోయింది.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. వరలక్ష్మి నాయన లింగన్న టీ అంగడి దగ్గర కూర్చుని, వాళ్ల పిల్ల మావాని కాళ్లు కడిగిందప్పా అని అందరూ వినేలా నవ్వాడట. మర్నాటి నుంచి అహల్య బడికి రాలేదు.

కమలాక్షమ్మ పరుగున వాళ్లింటికి వెళ్లింది. అహల్య తాత పుల్లయ్య అరుగుమీద కూర్చోమని, మర్యాదగానే మజ్జిగ ఇప్పించాడు. అది ఆటేనని ఆమె చెప్పింది. తప్పు తనదేగానీ పిల్లది కాదంది. చివరికి, మళ్లీ పెళ్లి చేసి ఈసారి వరలక్ష్మి చేతే కాళ్లు కడిగిస్తానని కూడా అంది. అన్నాక తన మాట తనకే రోతగా తోచింది.

"ఆట అని నువ్వంటాండావు టీచరమ్మా. అంగడికాడ నవ్వినోళ్లు అట్ల అనుకోలే. ఇంగ మా పిల్ల ఆడికి రాదు. మజ్జిగ తాగిపో."

తలుపు వెనక అహల్య పావడ అంచు కనిపించింది. పిలిచినా ఆ పిల్ల బయటికి రాలేదు. కమలాక్షమ్మ మజ్జిగ తాగి వచ్చేసింది.

సోమవారం వరలక్ష్మి రెండు బొమ్మలూ, ఒక చెంబు నిండా నీళ్లూ తెచ్చి చాపమీద పెట్టింది. పక్కన అహల్యకు చోటు వదిలి కూర్చుంది.

"మా వియ్యపురాలు అలిగినట్లుండాది టీచరమ్మా. ఈ తూరి నేనే కడుగుతా. రమ్మని చెప్పు."

ఇంకేమీ చేతకాక, చెప్తానని కమలాక్షమ్మ తల ఊపింది. బడి వదిలేదాకా వరలక్ష్మి ఆ చెంబును ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.