సిగ్గుకు సాగే వీధి

సాయంత్రం వేలూరు బస్సు గుడియాత్తంలో దిగగానే జీవిత చెప్పులు సర్దుకుని నడక మొదలుపెట్టేది. వాళ్ల నేతగాళ్ల వీధి బస్టాండుకు దగ్గరే. పెద్ద వీధి కూడా కాదు, ఈ కొసన ఎవరైనా తుమ్మితే ఆ కొసన 'చిరంజీవ' అంటారు. అయితే జీవిత కాలు పెడితే మాత్రం ఆర్కాడు దాకా సాగేది.

ఇందులో వింతేమీ లేదు. సిగ్గుపడే పని చేసినవాళ్లు నడిస్తే ఆ వీధి సాగుతుంది, తాతల కాలం నుంచీ అంతే. చిట్టీ ఎగ్గొట్టిన గోపాలకృష్ణన్ ఒకసారి పాల ప్యాకెట్టు కొనుక్కుని బయలుదేరితే, ఇల్లు చేరేసరికి లోపల పెరుగు తోడుకుని, పైన మీగడ కూడా కట్టింది. ఆ వీధికి రమ్మంటే ఆటోవాళ్లు ముందు మనిషి మొహం చూసి, తర్వాతే బాడుగ చెప్తారు.

జీవిత సిగ్గు జీతం దగ్గర ఉంది. వేలూరులో భూగోళమూ, పటాలు గీయడమూ నేర్పే సర్టిఫికెట్ కోర్సుకు ఫీజు కట్టడానికి నాయన రంగరాజులు రెండు మగ్గాల్లో ఒకటి అమ్మేశాడు. చదువు అయింది, ఉద్యోగమూ వచ్చింది. ఆకాశం నుంచి తీసిన ఫోటోల మీద రోడ్లూ చెరువులూ కంప్యూటర్లో గీయడం. తన వీధిని కూడా తనే గీసింది, తెర మీద గోరంత వచ్చింది. జీతం పదకొండు వేలు. బస్సుకూ సాపాటుకూ పోగా మిగిలేది, అమ్ముడుపోయిన మగ్గం తెచ్చిపెట్టినంత కూడా లేదు. మొదటి నెల అమ్మ చౌడేశ్వరి జీతమెంతని అడిగితే, ఆ మగ్గం ఉండిన ఖాళీ జాగా చూసి, "ముప్పై" అనేసింది. "మిగతాది బ్యాంకులో వేస్తాండా మా." ఆ పూటే వీధి బారెడు సాగింది, తర్వాత రోజుకింత.

శనివారం పక్కింటి ధనమ్మ అరుగు మీదనే ఆమెను పట్టుకుంది.

"పాపా, మా సుజితనూ నీ చదువుకే పంపిస్తా. మగ్గం అమ్మేస్తాండా. కే.వి.కుప్పం ఆయన రేపు మధ్యాహ్నం అడ్వాన్సు తెస్తాడు."

"అంత తొందరేముందత్తా?"

"నెలకు ముప్పై వస్తే పోయిన మగ్గం ఏడాదిలో తిరిగొచ్చేస్తాది గదా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. నా లెక్క సరిగ్గా ఉండాదా?"

జీవిత తల ఊపింది. అక్కడి నుంచి తన గడప దాకా నాలుగడుగులు. ఇంట్లోకి వచ్చేసరికి కాళ్లు బొబ్బలెక్కాయి.

తెల్లారి ధనమ్మ ఇంటి పడుగు వీధిలో పరిచారు. లుంగీల నూలు ఎర్రగా నీలంగా ఈ కొస నుంచి ఆ కొసకు, గంజి పెట్టడానికి. పడుగు పరిచినప్పుడు వీధిలో ఉన్నవాళ్లంతా చెయ్యి వేయాలి, వేయకపోతే ఆ ఇంటి నూలుకు కీడు. తలుపు చాటున దాక్కున్న జీవితను చౌడేశ్వరే లాక్కొచ్చి కొస కర్ర చేతికిచ్చింది. అవతలి కొసన రంగరాజులు నిలబడ్డాడు.

జీవిత కర్ర పట్టుకుని వీధి కొస వైపు నడిచింది. కొస వెనక్కి జరిగింది. ఇంకా నడిచింది. నూలు ఎంత బిగిసిందంటే, మీద వాలిన కాకి ఎగిరి ఆలంగాయం కొండల్లో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పోగులు టప్పుటప్పున తెగడం మొదలైంది.

"సిగ్గుండేవాళ్లు ఎవరో పక్కకు పోండప్పా," అంది ధనమ్మ. "నాకిదే కడసారి పడుగు."

అందరూ గోపాలకృష్ణన్ వైపు తిరిగారు.

"నన్నెందుకు చూస్తారు? చిట్టీ బాకీ పోయిన నెలే కట్టేసినా. నేను పట్టుకునింది గంజి బక్కెట్టు."

కర్ర జీవిత చేతిలోనే ఉంది. వదిలేస్తే తడి నూలంతా మట్టిలో పడుతుంది. పట్టుకుంటే తెగుతుంది.

"నాది అత్తా," అంది.

"ఏం నీది?"

"ముప్పై కాదు, పదకొండు. ఖర్చులు పోతే ఎనిమిది. మా మగ్గం తిరిగి రాదు. నీది అమ్మొద్దు."

వీధి చటుక్కున ముడుచుకుంది. పడుగు వదులై కడుపులా వేలాడితే నలుగురూ పరుగెత్తి ఎత్తిపట్టారు. ధనమ్మ వంగి తెగిన పోగులు ఒక్కొక్కటే ముడేస్తూ, తలెత్తకుండా అంది:

"నిన్న తల ఊపినావే, పాపా."

దానికంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

చౌడేశ్వరి పడుగు మీద వేలు ఆనించి చూసింది. "ఇంకా కొంచెం బిగువుండాదే."

అవతలి కొసన రంగరాజులు దగ్గాడు. "అది నాది. పాప ముప్పై అనింది. నేను టీ అంగట్లో యాభై అని చెప్పినా."

బక్కెట్టు కింద పెట్టి మరీ నవ్వాడు గోపాలకృష్ణన్. మిగిలిన బారెడూ ముడుచుకుంది.

మధ్యాహ్నం కే.వి.కుప్పం ఆయన వచ్చి, ధనమ్మ ఇంట్లో మజ్జిగ తాగి, తెచ్చిన అడ్వాన్సు తెచ్చినట్టే పట్టుకుని పోయాడు. సుజిత మాత్రం గోడ మీదుగా మెల్లగా అడిగింది: "అక్కా, ఆ గీసే పని ఒకసారి నాకు చూపిస్తావా? నచ్చితే అప్పుడు చూద్దాం."

"మీ అమ్మనడుగు," అంది జీవిత. తల ఊపడానికి ధైర్యం చాల్లేదు.

సోమవారం సాయంత్రం ఆమె బస్సు దిగి, చెప్పులు సర్దుకుని, వీధి మలుపు తిరిగిందో లేదో, తన గడపే కాలికి తగిలింది.

"ఇంత బిన్నా వచ్చేసినావే?" అంది చౌడేశ్వరి. "పాలింకా పొయ్యి మీద పెట్టలా."

"వీధి అయిపోయింది మా."

పక్కింట్లో ధనమ్మ మగ్గం ఆడుతోంది. ముడేసిన పోగుల దగ్గర కాస్త ఆగి, మళ్లీ ఆడుతోంది.