నాలుగో రోజున తెరిచిన ఆవం

మా దీవికి ఓడ వస్తుందంటే అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను, అబద్ధమెందుకు. ముప్ఫై మంది పట్టే చిన్న తెల్ల ఓడ. పెద్ద ఓడలు పట్టని సెతో సముద్రపు సందుల్లో దూరి, ఒకచోట తోలుబొమ్మలో కొయ్యబొమ్మలో, ఇంకోచోట కాగితం తయారీ, మరోచోట పాత గుడి చూపించుకుంటూ పోతుంది. ఈ ఏడు వాళ్ల జాబితాలో కుండలు కాల్చే మా ఆవం చేరింది. చేర్పించింది మా గురువుగారి కూతురు చిజురు. ఓడ ఆగితే, గాలివానకు ఎగిరిపోయిన ఆవం పైకప్పు మళ్లీ వేయిస్తామని ఊరి ఆఫీసు వాళ్లు ఆమెకు మాటిచ్చారు.

నేను పదిహేనో ఏట బడి మానేసి గెంజో గురువుగారి దగ్గర మట్టి తొక్కడానికి చేరాను. ముప్ఫై ఏడేళ్లయింది. ఇప్పటికీ తొక్కుతూనే ఉన్నాను. ఆయన ఊపిరితిత్తుల నిండా మట్టి దుమ్ము పేరుకుని, వసంతంలో అవతలి ఒడ్డు ఆస్పత్రిలో చేరారు. చేరే ముందు చలికాలమంతా కూర్చుని ఒక బాన కట్టారు. నా ఛాతీ ఎత్తు బాన. మట్టిని తాళ్లలా పేని వరస మీద వరస పెట్టడం, అది ఆరాక ఇంకో వరస. తాళ్లు పేనింది నేను, పెట్టింది ఆయన. అంతకుముందు పన్నెండేళ్లలో అలాంటివి నాలుగు కట్టారు. నాలుగూ ఆవంలోనే పగిలాయి.

"ఒరే తొకూ, ఇదొక్కటి నిలిస్తే చాలురా. చూసి పోతాను" అన్నారు.

బానను ఆవంలో అన్నిటికన్నా వెనక పెట్టి, ఎనిమిది రోజులు దేవదారు కట్టెలు వేశాం. తర్వాత ఆవం నోటికి ఇటుకలు పేర్చి, సందులన్నీ మట్టితో మెత్తాను. ఏడు రోజులు చల్లారాలి, ముందే చల్లగాలి తగిలితే పగులుతాయి. ఎనిమిదో రోజు ఓడ. అన్నీ కుదిరాయనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున చిజురు రొప్పుకుంటూ వచ్చింది.

"తొకు అన్నయ్యా, ఓడ ఇవాళే వస్తోందట! దక్షిణాన తుఫానుందని దారి మార్చుకున్నారు."

"రానీ. టీ పోసి పంపించు."

"టీ తాగడానికి ఇంత దూరం వస్తారా? ఆవం తెరవడం చూపిస్తామని వాళ్ల పుస్తకంలో అచ్చేశారు."

"ఆవం గోడ మీద చేపను పెట్టు, వేగుతుందో లేదో చూడు. ఆ తర్వాత మాట్లాడు."

"ఒక్క ఇటుక తీస్తే ఏమైపోతుంది?"

"మీ నాన్ననడుగు."

"ముక్కులో గొట్టాలున్న మనిషిని ఫోన్లో ఏమడగను? నువ్వు చెప్పు."

నేను ఆవం నోటి సందుల మీద ఇంకో పొర మట్టి మెత్తాను.

మధ్యాహ్నానికి వాళ్లు దిగారు. టోపీలు, చేతికర్రలు, కెమెరాలు. ముందు జెండా పట్టుకుని మినెగిషి అనే అమ్మాయి, ఓడ తాలూకు గైడు. నేను ఆవం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఇంకా మూడు రోజులు కావాలని చెప్పమ్మా వాళ్లకి."

"మూడు రోజులకి మేం క్యూషూ దీవిలో ఉంటామండీ" అని ఆ పిల్ల నడుం దాకా వంగింది. "గురువుగారూ, మీ చేత్తో ఒక్క ఇటుక. వీళ్లంతా మీకోసమే వచ్చారు."

నా వెనక గెంజో గారు ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ ముప్ఫై మందీ ఆ పిల్లను చూసి వచ్చీరాని వంగడం వంగుతున్నారు, నాకే. ఈయన గురువు కాదు, పనివాడు అని చిజురు చెప్పొచ్చు. చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇనుప కొక్కెం తీసుకుని ఒక ఇటుక లాగాను. చిన్న కంతలోంచి ఏం కనబడుతుంది? ఇంకోటి లాగాను. తర్వాత మరో రెండు. బూడిద ఎక్కడ రాలితే ఏ రంగు వస్తుందో, మంట ఏ వైపు నాకితే ఏ మచ్చ పడుతుందో చెప్పుకుపోయాను. మినెగిషి వాళ్ల భాషలో చెబుతోంది, వాళ్లు తలలూపుతున్నారు. నా జన్మలో అంత మాట్లాడలేదు.

అంతలో సముద్రం గాలి లోపలికి కొట్టింది.

టింగుమంది. కాసేపాగి మరొకటి. తర్వాత నాలుగైదు కలిసి.

"కుండలు పాడుతున్నాయి!" అంది మినెగిషి. ఒక ముసలావిడ వినడానికి కళ్లు మూసుకుంది.

నాకు తెలుసు అదేం పాటో. ఇటుకలు మళ్లీ పెట్టబోయాను. అరచెయ్యి కాలింది కానీ ఒక్కటీ కుదురుగా కూర్చోలేదు. అప్పుడే లోపల్నుంచి, బాగా వెనకనుంచి, ఎండు దుంగ విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది.

వాళ్లు చప్పట్లు కొట్టారు.

మూడు రోజుల తర్వాత పాక్కుంటూ లోపలికి వెళ్లాను. బాన అంచునుంచి అడుగుదాకా చీలి ఉంది. చీలికలో నా వేళ్లు పట్టాయి. రంగు మాత్రం అద్భుతంగా వచ్చింది. గురువుగారి చేతిలో ఎప్పుడూ రానంత ఎరుపు.

మర్నాడు పడవెక్కి ఆస్పత్రికి వెళ్లాను. ఆయన నా చేతి కట్టు చూశారు.

"ఎన్నో రోజున తెరిచావు?"

"నాలుగో రోజున."

"తెలీకా?"

"తెలిసే."

కాసేపు గొట్టంలోంచి గాలి పీల్చుకున్నారు. "తెలీక చేసుంటే తిట్టేవాణ్ణిరా" అని గోడవైపు తిరిగారు.

ఇంకో పదకొండు రోజులు బతికారు. రోజూ వెళ్లాను. నాతో మళ్లీ మాట్లాడలేదు.

శరదృతువులో ఓడ వాళ్ల ఉత్తరం వచ్చింది. దారి మొత్తంలో జనానికి అన్నిటికన్నా మా దీవే నచ్చిందట. ముఖ్యంగా ఆ పాట. వచ్చే ఏడు ఆరుసార్లు వస్తామన్నారు, ఆవం వేడిగా ఉండగానే తెరవమన్నారు. చిజురు చదివి వినిపించి ఉత్తరం మడిచింది.

"చల్లారితే కుండలు పాట పాడవు కదా, అన్నయ్యా?"

"పాడవు."

"మరేం చేద్దాం?"

ఆవం మూసేద్దామంటే నాకు వేరే పని రాదు. చిజురుకీ రాదు. ఆమె లేచి, రమ్మని వాళ్లకి జవాబు రాసింది.

ఇప్పుడు ఒక్క రోజే కాలుస్తాం. వచ్చే గురువారం ఓడకి నలభై కుండలు కావాలి. మట్టి జల్లెడ పట్టడం మానేశాను. రాళ్లుంటే ఇంకా బాగా పగులుతాయి.