టక్ టక్, ఎవరది

సాయంత్రం ఆరూ పదికి కుక్క గడప దాటిపోయింది, తలుపు తీసి పట్టుకున్నది వెర్నాయే, ఇంకెవరూ కాదు, మీసాలు గీసుకుని పిల్లి వేషంలో వచ్చిన ఆ పిల్ల, అస్థిపంజరం విందుకు ఎందుకు వెళ్లదో చెప్పు మామ్మా అని అడిగి, జవాబు తనే మరిచిపోయి చూరు వైపు చూస్తూ నిలబడింది, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగే బిచ్చగాళ్ల రాత్రి, జోకు చెప్పనిదే మిఠాయి ఇవ్వడం ఈ ఊళ్లో లేదు, ఇచ్చేసి తలుపు వేసుకుంటే పోయేది, వెర్నా వేసుకోలేదు, తొందరేం లేదు తల్లీ, గుర్తు తెచ్చుకో అంది, ఆ తెచ్చుకునే లోపలే కాలి పిక్కను రాసుకుంటూ ఏదో పోయింది, వెనక గదికి గడియ వేసింది కదా, వేసింది, కాదు, వేశాననుకుంది, మెట్ల కింద చీకట్లో నారింజ రంగు ఒక్కసారి కదిలి ఆగకుండా పోయింది, ఓటిస్, ఓటిస్, రా, మెడపట్టీ వంటింటి బల్ల మీద ఉంది, పేరూ ఫోను నంబరూ ఉన్న బిళ్ల దానికే ఉంది, కుక్కకు తొడిగిన నారింజ రంగు గుమ్మడికాయ చొక్కా మెడ దగ్గర బిగుతుగా ఉందని ఆ పట్టీని మధ్యాహ్నం తన చేత్తోనే విప్పింది.

ఇంటి చెప్పులతోనే వీధిలోకి వచ్చింది, తడి ఆకుల మీద చెప్పు జారింది, మూల మలుపు అవతల పెద్ద రోడ్డు, ఆరున్నరకల్లా ఆఫీసుల నుంచి కార్లన్నీ అటే వస్తాయి, ముసుగులు వేసుకున్న కుర్రకారు ఎదురొచ్చి, వేషం అదిరింది మామ్మా, ఆ చెప్పులైతే మరీనూ అన్నారు, కుక్కను చూశారా నాయనా, ఎలా ఉంటుంది, గుమ్మడికాయ చొక్కా వేసుకుంది, వాళ్లు వీధిని చూపించి నవ్వారు, ఆమె చూసింది, ప్రతి మెట్టు మీదా గుమ్మడికాయే, ప్రతి రెండో పిల్లాడూ గుమ్మడికాయే, ఎదురింటి వరండాలో రాయ్ టెస్‌డాల్ దిష్టిబొమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఏం వెర్నా, మీ ఆయనకు గుండె కోశారటగా, ఎలా ఉన్నాడు, బానే ఉన్నాడు రాయ్, కుక్కను చూశావా, ఏ కుక్క, మా కుక్కే, అబ్బే, చూళ్లేదు, ఎక్కడికి పోతుందిలే, ఆకలేస్తే అదే వస్తుంది, ఆకలేస్తేనా, ఇన్ని సంచుల చాక్లెట్టు తిరుగుతున్న వీధిలో, ఈ సైజు కుక్కకు ప్రాణం పోవడానికి నల్ల చాక్లెట్టు గుప్పెడు చాలమ్మా, తర్వాత నా దగ్గరికి తెచ్చినా లాభం ఉండదు అని పశువుల డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు.

కోటు జేబులో ఫోను మోగింది, ఆసుపత్రి నుంచి మొగుడు వెండెల్, ఎత్తకపోతే కంగారు పడతాడు, ఎత్తితే ఏం చెప్పాలి, ఆయన్ని కంగారు పెట్టొద్దని పొద్దునే నర్సు చెప్పింది, ఏమోయ్, ఎన్ని జోకులు విన్నావ్, చాలానే విన్నాను, ఒకటైనా బాగుందా, ఒక్కటీ లేదు, మన ఓటిస్‌గాడేడీ, పడుకున్నాడు, ఆయన నవ్వబోయి కుట్లు లాగి ఆగాడు, వాడా, ఈ పూటా, నాకు చెప్పకు, టక్ టక్ అని ఎవరైనా జోకు మొదలెడితే చాలు, చచ్చినా లేచి కూచుంటాడు, ఎవరది అనగానే బిస్కెట్ వస్తుందని వాడి నమ్మకం, నేర్పింది నేనేగా, తలుపు దగ్గరికి మాత్రం రానివ్వకు, పిల్లలు చెప్పే జోకులన్నీ తనకోసమే అనుకుంటాడు, సరే, మందు వేసుకో అంది, పొద్దున వాణ్ణి కార్లో తీసుకురా వెర్నా, కిటికీలోంచి చూస్తాను, తెస్తాను అంది, ఫోను జేబులో వేసుకుంది.

పారిపోలేదన్నమాట, ముసుగులకు జడిసి రోడ్డు మీదికి పోలేదు, జోకుల వెంట పోయింది, ఒక గడప నుంచి ఇంకో గడపకు, టక్ టక్ అన్న ప్రతి చోటికీ, అంటే ప్రతి చోటా నోరు తెరిచి కూర్చుని ఉంటుంది, ప్రతి చోటా ఎవరో ఒకరు అయ్యో పాపం అని ఒక ముక్క వేసి ఉంటారు, ఇన్ని ఇళ్లు, ఇన్ని ముక్కలు, రోడ్డు కంటే ఇదే దారుణం, ఆమె పేరు పెట్టి పిలవడం మానేసింది, వీధి మధ్యన నిలబడి, టక్ టక్ అని అరిచింది, మొత్తం వీధి, ఎవరది అని అరిచి నవ్వింది, ఆమె నవ్వలేదు, మళ్లీ అరిచింది, టక్ టక్, ఈసారి మూల ఇంటి మెట్ల దగ్గర, పిల్లల వరస చివర, ఒక గుమ్మడికాయ వెనక్కి తిరిగింది, దానికి తోక ఉంది.

చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది, పరుగెత్తి మోకాళ్ల మీద పడి ఆ మెడ పట్టుకుంది, పక్కన పిల్లి వేషం పిల్ల, మామ్మా, గుర్తొచ్చింది, తిన్నదంతా ఎముకల సందుల్లోంచి కారిపోతుంది, అందుకే వెళ్లదు, సరే తల్లీ, సరే, వీడికేం పెట్టారు, ఎవరెవరు పెట్టారు, నిజం చెప్పు, ఏడవకు, నిన్నెవరూ ఏమీ అనరు, పిల్ల ఏడవలేదు, ఆమెను వింతగా చూసింది, ఇంటింటికీ నాతోనే వచ్చాడు మామ్మా, అన్నిచోట్లా కూచున్నాడు, ఎవ్వరూ ఏమీ ఇవ్వలేదు, ఎందుకిస్తారు, వాడు జోకు చెప్పలేదుగా. వెర్నా రెండు చేతులతో వాడి నోరు తెరిచి, వరండా దీపం వెలుతురుకు తిప్పి చూసింది, వాసన చూసింది, చెంపల లోపల వేలు పెట్టి తిప్పింది, వాడి నోట్లో నాలుకా పళ్లూ తప్ప ఏమీ లేవు.