ముప్పై ఎనిమిది కడ్డీల ఇల్లు

పొద్దున్నే ఆరింటికి డ్రైవింగ్ టీచరమ్మ పై అంతస్తులోని తన గది తలుపు తీసుకుని బయటికొస్తుంది. పద్నాలుగు మెట్లు దిగి, కింద షెడ్డు తాళం తీసి, ముప్పై ఏళ్ళనాటి కారులో కూర్చుని ఇంజన్ ఆన్ చేస్తుంది. కారు ఎక్కడికీ పోదు. పది నిమిషాలు దాని చప్పుడు వింటుంది, తేడాగా ఉంటే బానెట్ ఎత్తి చూస్తుంది, ఆపేసి మళ్ళీ పద్నాలుగు మెట్లూ ఎక్కి టీ పెట్టుకుంటుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి ఇదేం పని అని వీధిలో ఎవరూ అడగరు. వాళ్ళలో సగంమంది ఆ కారులోనే, ఆవిడ పక్కన కూర్చుని, తిట్లు తింటూ డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు మరి.

తిట్టడంలో ఆవిడకి తన, పర అన్న తేడా లేదు. కన్నకూతురు లైసెన్సు పరీక్షకి వెళ్తానంటే మూడుసార్లు ఆపేసింది. మూడుసార్లూ ఒకటే మాట, "ఇంకా రెడీ కాలేదు," అని. నాలుగోసారి పంపితే ఆ పిల్ల కళ్ళు మూసుకుని పాసైంది.

ఆ పిల్లకి ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఊరికి అటు చివర కాపురం. ఇంట్లో మంచానపడ్డ మామగారు, పరీక్షలకి చదివే ఇద్దరు పిల్లలు, బయట ఆస్పత్రిలో రికార్డుల ఉద్యోగం. ఎప్పుడు చూసినా కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టే ఉంటుంది. తల్లిని చూడ్డానికి వారానికి మూడుసార్లు వస్తుంది, కూర్చోమంటే మాత్రం కూర్చోదు.

మూడు నెలల కిందట టీచరమ్మ మెట్ల మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పడ్డానని ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. ఇంకో మెట్టుందనుకుని కాలేశాననీ, అక్కడ మెట్టుకి బదులు నేలుందనీ, తప్పు నేలదేననీ వాదిస్తుంది. కట్టు విప్పిన మర్నాడే కూతురు ఒక కాగితం పట్టుకొచ్చింది. పెద్దవాళ్ళ కోసం కట్టిన వసతిగృహంలో ఒక గది ఖాళీ అయిందట. కింది అంతస్తు, మంచం పక్కనే గంట, నొక్కితే మనిషి వస్తుంది. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం ఐదింటికి వాళ్ళు ఫోన్ చేస్తారు. సరే అంటే గది మనది, ఫోన్ ఎత్తకపోతే ఇంకొకరిది.

"కారు?" అని అడిగింది టీచరమ్మ.

కారు సంగతి కాగితంలో లేదు. మెట్లూ లేవు. పొద్దున్నే ఆరింటికి ఎక్కడికీ దిగాల్సిన పని లేదు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తల్లీకూతుళ్ళు రెండురోజులు మాట్లాడుకోలేదు, మూడోరోజు బేరానికి వచ్చారు. కూతురు ఇరవై అంశాలతో ఒక లిస్టు రాస్తుంది. ఆ ఆదివారం టీచరమ్మ ఇంట్లో ఆ ఇరవైయ్యీ చేసి చూపించాలి. అన్నీ సరిగ్గా చేస్తే ఇక్కడే ఉంటుంది. ఒక్కటి తప్పినా సోమవారం ప్రయాణం. జీవితమంతా పరీక్షలు పెట్టిన మనిషి కాబట్టి టీచరమ్మ తడుముకోకుండా ఒప్పేసుకుంది. ఆవేళ మధ్యాహ్నమే సుద్దమేస్త్రీకి కబురు పెట్టింది.

ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పట్టుకోవడానికి గోడలకి స్టీలు కడ్డీలు బిగించడం, జారే నేలకి గరుకు పట్టీలు వేయడం, కాలికి అడ్డం తగిలే గడపలు చెక్కేయడం సుద్దమేస్త్రీ పని. అతను బిగించిన కడ్డీని మనం పట్టుకుంటే అది కూడా మన చేతిని పట్టుకుంటుంది. నిలకడ వచ్చేదాకా పట్టుకుని, వచ్చాక చిన్నగా టక్కుమని వదిలేస్తుంది. బజారువీధి దర్జీని ఒకసారి అలా గంటన్నర పట్టుకుంటే ఇంట్లోవాళ్ళు అన్నం అక్కడికే తెచ్చి తినిపించారు. అతని పనిమీద ఊళ్ళో ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే, చెప్పిన టైముకి రాడని.

సుద్దమేస్త్రీ టేపు వాడడు. ఉదయం లేవగానే అరచేతులకి సుద్దపొడి రాసుకోమంటాడు. చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ రాసుకుంటూ రాత్రి పడుకునేదాకా రోజూలాగే ఇంట్లో తిరగాలి. గోడల మీద ఎక్కడెక్కడ చేతి గుర్తులు పడతాయో మర్నాడు అక్కడే కడ్డీలు బిగిస్తాడు.

"ఒక్కటే షరతు టీచరమ్మా," అన్నాడు సుద్ద డబ్బా ఇస్తూ. "నటించకూడదు. గుర్తు లేని చోట కడ్డీ పెడితే అది ఉత్త ఇనుము. చేతిని పట్టుకోదు."

టీచరమ్మ రోజంతా నటించింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కవాతు చేస్తున్నట్టు నడిచింది. గోడకి జానెడు దూరం జరిగి మెట్లు దిగింది. బాత్రూంలో ఊపిరి బిగబట్టి లేచింది. పక్కన ఎవరూ లేకపోయినా ఆ సుద్ద చూస్తోందని ఆవిడ పట్టుదల. మధ్యాహ్నం కూతురు వచ్చి, మణికట్టు వాపు తగ్గిందో లేదో చూద్దామని ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఆస్పత్రి నుంచి ఏదో ఫోను వస్తే మాట్లాడుకుంటూ అటూ ఇటూ తిరిగి, బాత్రూం తలుపు పక్క గోడకి ఒక్క క్షణం చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడి, వెళ్ళిపోయింది.

మర్నాడు సుద్దమేస్త్రీ ఇల్లంతా వెతికితే దొరికింది ఆ గుర్తు ఒక్కటే. సన్నటి వేళ్ళు, టీచరమ్మ భుజంకన్నా ఎత్తులో ఉంది.

"ఇది మీది కాదు," అన్నాడు.

"నాది ఒక్కటీ లేదని కనపడుతోందిగా. పెట్టె సర్దుకో."

"ఇంట్లో పడ్డ గుర్తు ఎవరిదైనా గుర్తేనండి," అని అతను నింపాదిగా డ్రిల్లింగ్ మెషిన్ తీసి అక్కడొక కడ్డీ బిగించి వెళ్ళాడు. టీచరమ్మ అతని వెనకే తలుపు వేసి, గెలిచాననుకుంది.

ఆ గెలుపు రెండురోజులు నిలిచింది. మూడోనాడు పొద్దున ఆరింటికి అయిదో మెట్టు దగ్గర ఆవిడ ఎడమకాలు మాట వినడం మానేసింది. పట్టుకుందామని చెయ్యి చాపితే నున్నటి గోడ తప్ప ఏమీ లేదు. ఎలాగో ఆ మెట్టు మీదే కూలబడింది. లేవడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ కింద షెడ్డు తలుపు కనిపిస్తూనే ఉంది. ఆవేళ ఆవిడ కారు స్టార్ట్ చేయలేదు. టీచరమ్మకి భయమేసింది, భయమేసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

మళ్ళీ కబురు పెడితే సుద్దమేస్త్రీ ఎందుకని అడగలేదు. డబ్బా ఇచ్చి వెళ్ళాడు. ఈసారి ఆవిడ నటించలేదు. ఎక్కడ తూలితే అక్కడ పట్టుకుంది. సాయంత్రం లైట్లన్నీ వేసి చూసుకుంటే మంచం దగ్గర, వంటగట్టు పక్కన, మెట్ల పొడవునా, బాత్రూంలో అయిదుచోట్ల, షెడ్డు గోడ మీద కూడా తెల్లటి చేతులు. లెక్కపెడితే ముప్పై ఏడు. తన ఒక్కదాని చేతులే అయినా ఇంటినిండా జనం గోడల్ని పట్టుకుని వేలాడినట్టుంది. చూస్తుంటే ఆవిడకి ముందు సిగ్గేసింది. టీ తాగాక ఇంకోలా అనిపించింది.

మర్నాడు వచ్చిన సుద్దమేస్త్రీతో, "చూశావా," అంది గోడలు చూపిస్తూ. "ముప్పై ఏడుసార్లు పడాల్సిన దాన్ని. ఒక్కసారీ పడలేదు. బిగించు."

అతను నాలుగురోజులు పనిచేశాడు. ముప్పై ఏడు కడ్డీలూ బిగించాక మంచం మీంచి చెయ్యి చాపితే అందేచోట స్విచ్చు పెట్టాడు. ఆఖరి మెట్టు అంచుకి పసుపురంగు వేశాడు. దాంతో నేల మీద నేరం మోపడానికి టీచరమ్మకి అవకాశం లేకుండా పోయింది. జారే కాళ్ళపట్టాలు చుట్టి అవతల పారేశాడు. అటక మీది డబ్బాల్ని నడుమెత్తు అరల్లోకి దించాడు, కమోడ్ ఎత్తు పెంచాడు, బాత్రూం నేలకి గరుకు పట్టీలు అంటించాడు. బాత్రూం గడపని నేలకి సమంగా చెక్కేశాడు. టీచరమ్మ మెట్లు దిగుతూ ఒక్కో కడ్డీనీ పట్టుకుని చూసింది. పట్టుకోవడం, టక్కుమని వదలడం. పద్నాలుగు మెట్లకీ పద్నాలుగు టక్కులు. గేర్లు బాగానే పడుతున్నాయని మెచ్చుకుంది.

ఆదివారం మూడింటికి కూతురు వచ్చింది. చేతిలో అట్టకి క్లిప్పు పెట్టిన లిస్టు, భుజాన సంచి. సంచిలో తల్లి బట్టలు సర్దడానికి మడిచి పెట్టుకొచ్చిన ఇంకో సంచి. పరీక్ష గంట నడిచింది. టీచరమ్మ మంచం మీంచి లేచి లైటు వేసింది, పాలు కాచి దించింది, నీళ్ళ గ్లాసు ఒలక్కుండా మెట్లు దిగింది, ఎక్కింది, కింద పడ్డ తాళంచెవి వంగి తీసింది. కడ్డీలు పట్టుకుంటున్నాయి, వదులుతున్నాయి. కూతురు తల్లి పెంపకమే కాబట్టి చేసినదాన్ని చేయలేదని రాయలేదు. పంతొమ్మిది అంశాలకీ మొహం ముడుచుకునే టిక్కులు పెట్టింది.

ఇరవయ్యోది తడి బాత్రూంలో నిలబడ్డం. టీచరమ్మ లోపలికి వెళ్ళి కడ్డీ పట్టుకుని నిలబడింది. కూతురు తలుపు దగ్గర నుంచుని బకెట్టు నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించింది. అలా ఎవరూ స్నానం చేయరు. టీచరమ్మ గరుకు పట్టీల మీద కదలకుండా నిలబడింది. అడ్డుకోవడానికి గడప లేదు కాబట్టి నీళ్ళు మాత్రం బయటి నున్నటి నేల మీదికి పారాయి. వెనక్కి అడుగేసిన కూతురి రెండు కాళ్ళూ ఒకేసారి జారిపోయాయి. లిస్టు ఎగిరి అవతల పడింది. కూతురి చెయ్యి గోడ మీదికి వెళ్ళింది. అక్కడ తన సుద్ద గుర్తు మీదే బిగించిన కడ్డీ ఆ చేతిని పట్టుకుంది.

టీచరమ్మ కడ్డీ వెంట కడ్డీ పట్టుకుంటూ వచ్చి బిడ్డ ఒళ్ళంతా తడిమి చూసింది. దెబ్బేమీ తగల్లేదు. కూతురు లేచి నిలబడి చెయ్యి లాక్కోబోయింది. రాలేదు. ఇరవై నిమిషాలైనా రాలేదు. టీచరమ్మ సుద్దమేస్త్రీకి ఫోన్ చేసింది. విప్పడానికి తనేమీ రాననీ, నిలకడ వస్తే అదే వదులుతుందనీ, అప్పటిదాకా స్టూలు వేసి కూర్చోబెట్టమనీ చెప్పి అతను పెట్టేశాడు.

టీచరమ్మ స్టూలు తెచ్చి వేసింది. ఆ ఇంట్లో కూతురు కూర్చోవడం ఎన్నాళ్ళకో. చెయ్యి పైకి పట్టుబడి ఉంది, తల గోడకి ఆనింది, చీరంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కాసేపటికి ఆమె భుజాలు కదలడం మొదలైంది. టీచరమ్మ ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"అది నీకోసం కాదమ్మా," అంది కూతురు. "ఆ గది. నువ్వు పడ్డావని ఫోనొచ్చిన రోజు నుంచీ నాకు నిద్రలేదు. ఎవరి ఫోను మోగినా నువ్వే అనుకుంటున్నాను. నువ్వక్కడుంటే నేను పడుకోగలను."

టీచరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని బిడ్డ మొహంలోకి చూసింది. కళ్ళకింద ఆ నలుపు ఆవిడ ఇన్నాళ్ళూ చూడలేదు. చీరచెంగుతో ఆ కళ్ళు తుడిచింది. అయినా ఆవిడ ఆవిడే.

"నీకు నిద్ర పట్టాలని నన్ను మంచమెక్కిస్తావా? నేను పడితే పడతాను, లేస్తాను. లేవలేని రోజు వస్తే ఆ ఫోను నేనే చేస్తాను. నాకింకా రాని రోగానికి నన్నిప్పుడే పడుకోబెట్టకు."

ఇద్దరూ అలా కూర్చునే ఉన్నారు. గోడ గడియారంలో ఐదయింది. సంచిలో ఫోను మోగింది.

ఎవరో ఇద్దరికీ తెలుసు. ఊరుకుంటే మోగి మోగి అదే ఆగిపోతుంది. కానీ పరీక్ష పరీక్షే, టీచరమ్మ దొంగతనంగా పాసయ్యే మనిషి కాదు. లేచి ఫోను తీసి, కూతురి ఖాళీ చేతికి అందేలా పట్టుకుంది. "ఎత్తుతావా?" అని అడిగింది.

కూతురు తెర మీది పేరు చూసింది. తల్లి నిలబడ్డ తీరు చూసింది. ఆవిడ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చెయ్యి దేనికీ ఆనించకుండా నిటారుగా నిలబడి ఉంది.

"మోగనీ," అంది.

అది పదకొండుసార్లు మోగి ఆగింది. ఇంకాసేపటికి గోడ మీది కడ్డీ టక్కుమని చెయ్యి వదిలేసింది. కూతురు వెంటనే లేచి, మామగారి మందుల టైమని గొణుక్కుంటూ చెప్పుల కోసం వెతకబోయింది.

"ఇంకా రెడీ కాలేదు," అంది టీచరమ్మ. "కూర్చో."

కూతురు కూర్చుంది. భర్తకి ఫోన్ చేసి, ఈ రాత్రికి అన్నీ నువ్వే చూసుకో అని చెప్పింది. టీచరమ్మ తడిసిన లిస్టు తీసి ఇరవయ్యో అంశం ముందుకి నెట్టింది. కూతురు కలం తీసుకుని టిక్కు పెట్టింది.

పొద్దున్నే ఆరింటికి తల్లి మంచం మీద పడుకున్న కూతురికి కింద ఇంజన్ చప్పుడు వినిపించి మెలకువ వచ్చింది. పది నిమిషాల తర్వాత అది ఆగింది. మెట్ల మీద ఒక్కో కడ్డీ పట్టుకుని వదులుతున్న టక్కులు మొదలయ్యాయి. కూతురు కళ్ళు మూసుకుని లెక్కపెట్టసాగింది. ఏడు వరకూ గుర్తుంది. పద్నాలుగో మెట్టు ఎక్కి టీచరమ్మ గదిలోకి వచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి గాఢంగా నిద్రపోతోంది.