ఊదు, తమ్ముడూ

రాయి కోసేటప్పుడు దుమ్ము లేవకుండా పారాల్సిన ఆ నీళ్లు కట్టేసింది మీరే. రాతికోత షెడ్డు యజమానీ, ముందు నువ్వు. తడిసిన రాయి ఆరేదాకా ఆగలేక "పొడిగానే లాగించండి" అన్నది నువ్వు. తనిఖీ అధికారులూ, తర్వాత మీరు. ఫలానా రోజు వస్తున్నామని ముందే ఫోన్ చేసి, ఆ ఒక్క పూట రాయి మీద నీళ్లు పారుతుంటే చూసి, టీ తాగి వెళ్లింది మీరు. వంటగట్టు పొద్దున అడిగి సాయంత్రానికి బిగించాలన్న ఇళ్లవాళ్లూ, మీరూ తప్పించుకోలేరు. అందరి తొందరా కలిసి ఒక మనిషి ఛాతీలో గోడ కట్టింది.

ఆ మనిషిని షెడ్డులో గీతమేస్త్రి అనేవాళ్లు. పెన్సిల్ గీత నుంచి వెంట్రుకవాసి పక్కకు పోకుండా కోసేవాడు. పొడి కోతలో దుమ్ము లేచి గీతను కప్పేస్తుంది. అప్పుడు వంగి, నోటితో ఒక్క ఊదు ఊది, గీత కనబడగానే మళ్లీ కోయాలి. షెడ్డులో అందరి అలవాటూ అదే. తమ్ముణ్ణి పనిలో పెట్టినప్పుడు వాడికీ అదే నేర్పాడు.

ఆ దుమ్మంతా లోపల గట్టిపడింది. చివరికి ఒంటికి సబ్బు రుద్దుకున్నా ఆయాసమే. చనిపోయిన ఎవరో మనిషి కుటుంబం సరేనంటే, ఆ పోయినవాళ్ల ఊపిరితిత్తులు మేస్త్రికి పెట్టారు.

ఇంటికొచ్చాక బతకడమే ఉద్యోగమైంది. వేళకు మాత్రలు, మూతికి మాస్కు, గదిలో నడక. మాత్రల వల్ల చేతులు వణికేవి. గ్లాసెత్తితే నీళ్లు ఒలికేవి.

"ఏమయ్యా గీతమేస్త్రీ, గీత దాటావు" అనేది పెళ్లాం, గుడ్డతో తుడుస్తూ.

"రాయి మీద కోయమను, చూపిస్తా."

"రాయి పేరెత్తావంటే ఆ చేతులు నేనే విరగ్గొడతా."

రోజూ పొద్దున ఒక ప్లాస్టిక్ మీటరులో గట్టిగా ఊదాలి. ముల్లు ఎక్కడిదాకా జరిగితే ఊపిరి అంత బలంగా ఉన్నట్టు. బాగా ఊదిన రోజున ముల్లు ఆగిన చోట మేస్త్రి తన పాత పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాడు. ఆ గీతకు కిందికి జారితే వెంటనే ఆసుపత్రికి రావాలన్నాడు డాక్టరు. ఇంకో మాట కూడా చెప్పాడు. కొత్త ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పోయినా సరిగ్గా దగ్గు రాదు, నరాలు తెగిపోయాయి కదా. నీకు తెలియదు, మీటరుకే తెలుస్తుంది.

కాళ్లకు బలం రావాలంటే చిన్న మెట్టు ఎక్కి దిగుతూ ఉండాలంది వ్యాయామం చేయించే అమ్మాయి. ఇంట్లో మెట్టే లేదు.

"మెట్టేగా అన్నా! నేను తెస్తా" అన్నాడు తమ్ముడు.

ఆ మధ్యాహ్నం మంచం మీద కూర్చుని ఉండగా మేస్త్రికి ఒక చప్పుడు వినబడింది. అది రాయి మీద గ్రైండరు తిరుగుతున్న చప్పుడు. కిటికీ బయటే!

లేచి చూశాడు. వాకిట్లో తమ్ముడు గొంతుక్కూర్చుని, షెడ్డులో మిగిలిన మందపాటి రాతి ముక్కకు అంచులు నున్నగా చేస్తున్నాడు. తెల్లగా లేచిన దుమ్ము గాలివాటుకు కిటికీ వైపే వస్తోంది. మేస్త్రి ఊపిరి బిగబట్టి కిటికీ రెక్క లాగాడు. గడియ పడలేదు. వేళ్లు వణుకుతున్నాయి. మళ్లీ నెట్టాడు, పడలేదు. ఛాతీ మంటెత్తుతోంది, ఊపిరి పీల్చాలి, పీలిస్తే దుమ్ము. రెక్క సందులోంచి కనబడింది: తమ్ముడు వంగి, నోటితో ఒక్క ఊదు ఊది, అంచు చూసుకుంటున్నాడు.

గడియ పడింది. మాస్కు మూతికి అదుముకుంటూ వెనక గదిలోకి తూలుకుంటూ వెళ్లిపడ్డాడు.

వీధి చివరి నుంచి కూరగాయల సంచితో వస్తున్న పెళ్లాం సంచి అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేసింది.

"బుద్ధుందట్రా నీకు! లోపల మీ అన్న ఉన్నాడు!"

"అంచు కోసుకుంటుందేమోనని వదినా... అన్న కాలికి. ఒక్క నిమిషం పని."

"ఆ ఒక్క నిమిషమే కదరా మీ అన్నను ఇక్కడిదాకా తెచ్చింది!"

వాడు రాయి వంక, చేతుల వంక చూసుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆవిడ వాణ్ణి లోపలికి రానివ్వలేదు. తడిగుడ్డ పెట్టి ఇల్లంతా తుడిచింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు, రేపు ఊదినప్పుడు ఏమాత్రం తగ్గినా బయల్దేరి రమ్మంది.

ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

తెల్లారింది. మేస్త్రి మీటరు అందుకున్నాడు. పెళ్లాం గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఊదాడు. ముల్లు జరిగింది, జరిగింది, గీత మీద ఆగింది. ఆవిడ కిందికి జారి కూర్చుండిపోయింది.

"ఎంతొచ్చింది వదినా?" గుమ్మం బయటినుంచి తమ్ముడి గొంతు. షెడ్డుకు పోతూ ఆగాడు. అడిగి, దగ్గాడు. పొట్టి దగ్గు, పొడి దగ్గు. ఇంకోటి వస్తుంటే మింగేశాడు.

మేస్త్రి ఆ దగ్గును గుర్తుపట్టాడు.

"ఎప్పట్నుంచిరా?"

"ఏంటి?"

"దగ్గు."

"నిన్న చన్నీళ్లు తాగాన్లే."

"మీ వదినకు నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇటు రా. ఊదు."

"నాకెందుకన్నా? దున్నపోతులా ఉన్నా."

"ఊదు, తమ్ముడూ."

వదిన మీటరుకు కొత్త కాగితం గొట్టం తగిలించి గుమ్మంలోంచే అందించింది. వాడు నవ్వుతూ ఊదాడు. ముల్లు అన్న పెట్టుకున్న గీతకు చాలా కిందే ఆగిపోయింది.

"గొట్టం జారిందేమో." మళ్లీ ఊదాడు. ఇంకా కిందే ఆగింది.

"మిషను పాడైపోయింది అన్నా" అన్నాడు. నవ్వు మాత్రం పోయింది. "ఇవాళ పెద్ద ఆర్డరుంది. రేపు చూపించుకుంటా."

ఆపేలోపే వెళ్లిపోయాడు. రేపు. మేస్త్రి కూడా ఎన్ని రేపులు చెప్పాడో!

"నా చెప్పులిటియ్యి, షెడ్డుకు పోవాలి" అన్నాడు పెళ్లాంతో.

"అంతదూరమా! నువ్వింకా వీధి దాటలేదు."

"ఇవాళ దాటతా."

"లోపల అడుగు పెట్టావో, నిన్ను మోసుకొచ్చేది లేదు."

పెట్టనన్నాడు. దారిలో గోడలు పట్టుకుని ఆగుతూ, మళ్లీ నడుస్తూ, షెడ్డుకు ఎదురుగా గాలి వచ్చే వైపున నిలబడ్డాడు. తలుపుల్లోంచి దుమ్ము పొగలా వస్తోంది. లోపల రంపాలు రొద పెడుతున్నాయి. ఆపరేషన్ అయ్యాక ఒక్కసారైనా గొంతెత్తలేదు. మాస్కు వెనక నిండా గాలి పీల్చాడు. ఛాతీ కుట్లు లాగాయి.

"చిన్నోడా! రంపం ఆపు!"

ఎవరికీ వినబడలేదు. పెళ్లాం చెయ్యి పట్టుకుని లాగింది. విదిలించుకున్నాడు. కళ్లు మూసుకుని, ఎవరిదో ఆ ఊపిరినంతా కూడగట్టుకుని అరిచాడు.

"ఆపండ్రా!"

ఒక రంపం ఆగింది. తర్వాత ఇంకోటి. కనురెప్పలదాకా తెల్లబడిన తమ్ముడు తలుపులోకి వచ్చాడు. వాడి వెనక మిగతావాళ్లు. యజమాని చేతులు చాపుకుంటూ ముందుకొచ్చాడు.

"ఓహో గీతమేస్త్రీ! కోలుకున్నావే! లోపలికి రా, టీ తాగుదాం."

"నేను రాను. నీళ్లు వదులు."

"తడి చేస్తే గీత కనబడదని నువ్వే అనేవాడివిగా?"

"అన్నాను. కనబడకపోతే రాయి పాడవుతుంది, ఇంకోటి కొనుక్కో. నా తమ్ముడికి ఇంకో ఛాతీ ఎక్కడ తెస్తావు?"

తమ్ముడు యజమాని వంక చూశాడు. అన్న వంక చూశాడు. గ్రైండరు కింద పెట్టి రోడ్డు దాటబోయాడు.

"అక్కడే ఆగు, ముందు ఒళ్లు కడుక్కో" అంది వదిన. వాడు ఆగాడు. లోపలికి మాత్రం తిరిగిపోలేదు. మిగతావాళ్లూ వచ్చి వాడి పక్కన నిలబడ్డారు.

మేస్త్రి మళ్లీ గాలి పీల్చాడు.

"పంపు తిప్పు. తనిఖీ రోజున కాదు, ఇప్పుడు. నేను చూస్తుండగా. నీళ్లు పడందే ఒక్క రంపం తిరగకూడదు. వీళ్లలో ప్రతి ఒక్కణ్ణీ ఇవాళే ఛాతీ పరీక్షకు పంపు, కూలి కొయ్యకుండా. ముందు ఆ పంపు తిప్పు!"