నలభై అయిదుకు దిగువన

తాన్ దెహాయ్ ముప్పై ఎనిమిదేళ్లు మా మిన్‌చిన్‌లో బావులు తవ్వాడు. చైనాలో, ఇసుక దిబ్బలు ఊళ్లమీదికి నడిచొచ్చే చోటు మాది. నీళ్లు పడటం ఒక ఎత్తు, పడ్డ నీళ్లు ఉప్పగా లేకపోవడం ఇంకో ఎత్తు. మొదటి చెంబెడు నీళ్లు దెహాయ్ నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసి, "రెండేళ్లు తాగొచ్చు. ఆ తర్వాత గొర్రెలు కూడా ముట్టవు" అని ఇంటివాళ్ల మొహం మీదే చెప్పేసేవాడు. అందుకు తిట్టినవాళ్లున్నారు గానీ, అతని మాట తప్పని రుజువు చేసినవాళ్లు లేరు.

అరవై నాలుగో ఏట కడుపులో పుండన్నారు. ఊవెయ్ పట్నంలో పెద్దాసుపత్రివాళ్లు కడుపు ముప్పాతిక కోసి తీసేశారు. నెల తిరిగాక, వాపు తగ్గే మందు ఎక్కించాలి రమ్మని మళ్లీ పిలిచారు. కూతురు సూచిన్ పుచ్చగింజల మిల్లులో పని మానుకుని వెంట వచ్చింది. తల్లి లేని పిల్ల. తండ్రికి ఎదురు చెప్పి ఎరగదు, అబద్ధం చెప్పి అసలే ఎరగదు.

"పుండుకి ముప్పాతిక కడుపు కోస్తారా?" అని దెహాయ్ మొదటిరోజే అడిగాడు.

"పెద్ద పుండు నాన్నా."

"ఎంత పెద్దది? చూశావా?"

సూచిన్ ఫ్లాస్కు తీసుకుని వేణ్ణీళ్లకని బయటికి వెళ్లిపోయింది.

పక్క మంచం మీద పాంగ్ ఉండేవాడు. లారీ నడిపి రిటైరైన మనిషి, దెహాయ్ కంటే రెండేళ్లు చిన్న. నోరు ఊరుకోదు. "నాది అర కడుపే పోయిందన్నా. పుండులో కూడా నువ్వే పెద్దోడివి" అని నవ్వాడు. అతనికీ ఇద్దరు కొడుకులూ పుండనే చెప్పారు.

దెహాయ్‌కి నవ్వు రాలేదు. పొద్దున్నే నర్సు వచ్చి అందరి దగ్గరా మూడు గొట్టాల రక్తం తీసేది. అతని దగ్గర మాత్రం నాలుగు. నాలుగోదానికి పసుప్పచ్చ మూత, అది వేరే పెట్టెలోకి వెళ్లేది. మూడు రోజులు చూసి నాలుగో రోజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాకొక్కడికే ఇంకోటెందుకమ్మా?"

"పరిశోధనకి తాతా. మీ అమ్మాయి సంతకం పెట్టింది."

"దేనిమీద పరిశోధన?"

"నేను తీసేదాన్నే. డాక్టర్ కౌ గారిని అడుగు."

పాంగ్ అటునుంచి అందుకున్నాడు. "మావాళ్లు సంతకం పెట్టలేదులే. నీ రక్తం బాగుందేమో, అందుకే పట్టుకెళ్తున్నారు."

బాగుంటే కూతురు అంత దొంగచాటుగా ఎందుకు సంతకం పెట్టింది? ఆ సాయంత్రం తలుపు అద్దంలోంచి చూస్తే, వరండాలో డాక్టర్ కౌ సూచిన్‌కి ఏదో కాగితం చూపిస్తోంది. ఆమె వేలు కాగితం మీద పైనుంచి కిందికి జారింది. సూచిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి గదిలోకి వచ్చినప్పుడు పిల్ల ముంగురులు తడిగా ఉన్నాయి.

"మొహం కడుక్కున్నావేం?"

"ఉక్కగా ఉంది."

అప్పటికి కిటికీలోంచి వచ్చే గాలికి దెహాయ్ రగ్గు కప్పుకుని ఉన్నాడు.

మర్నాడు కొర్ర జావ రుచి మారింది. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే నాలుకకి ఏదో పిండి అంటుకుంది. ఎండిపోయిన పాల వాసన.

"ఇందులో ఏం కలిపావే?"

"ఏం కలుపుతాను? కొర్రలు, నీళ్లు."

"నా నాలుకకే చెబుతున్నావా?"

"జబ్బుతో నోరు చెడింది నాన్నా. తాగు."

అతను సరేనని తలూపాడు. వేణ్ణీళ్లు తెమ్మని ఆమెని పంపి, గిన్నె పాంగ్‌కి అందించాడు. పాంగ్ గటగటా తాగి మూతి తుడుచుకుని, "ఇంత చిక్కటి జావ వద్దంటావేం? నీ కూతురు చేతిలో అమృతముంది" అన్నాడు. ఆ రోజునుంచి పొద్దునా సాయంత్రం ఇదే వరస. మాంసం పులుసులోనూ అదే పిండి, గుడ్డు కూరలోనూ అదే. కన్నకూతురే తన తిండిలో చాటుగా మందు కలుపుతోందంటే, ఎవరు కలపమన్నారు, దేనికి? నెమ్మదిగా పోవడానికా? ఆ మాట మనసులో అనుకున్నందుకు తన్ను తాను తిట్టుకున్నాడు. అయినా గిన్నె మాత్రం పాంగ్‌కే ఇచ్చాడు. తనకి దొరికిందల్లా టీ నీళ్లూ నాలుగు బిస్కట్లూ. పన్నెండు రోజుల్లో పాంగ్ బుగ్గలు నిండాయి. దెహాయ్ పంట్లాముకి తాడు కట్టుకోవలసి వచ్చింది.

ఒక పొద్దున్న డాక్టర్ కౌ కుర్ర డాక్టర్లని వెంటేసుకుని వార్డులోకి వచ్చింది. దెహాయ్ కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది గానీ, బావి అడుగున చప్పుళ్లు విని బతికిన చెవులవి.

"ఇరవై మూడో మంచం దిగువ గుంపు. నలభై ఒకటి ఉండేది, ముప్పై ఎనిమిదికి పడింది. తింటున్నాడంటున్నారు, మరెందుకు పడుతోందో."

ఇరవై మూడో మంచం తనదే. వాళ్లు వెళ్లాక కిందికి దిగాడు. పరీక్షల కాగితాలిచ్చే యంత్రం దగ్గర నిలబడి తన కార్డు పెట్టాడు. యంత్రం రెండు కాగితాలు కక్కింది. కాగితం నిండా బాణాలు, సగానికి పైగా కిందికి చూస్తున్నవే. గుంపులంటే? సంతలో గొర్రెల్ని కోతకీ పెంపకానికీ వేరు చేసినట్టా? పైకొచ్చి రెండు మంచాల సెలైన్ సంచుల్నీ పోల్చి చూశాడు. పాంగ్‌ది పెద్దదిగా కనిపించింది.

మధ్యాహ్నం సూచిన్ పులుసు తెచ్చింది. దెహాయ్ గిన్నె ఆమె వైపే తోశాడు.

"నువ్వు తాగు."

"నేను తిన్నాను నాన్నా."

"అయినా తాగు. నా ఎదురుగా."

ఆమె గిన్నె ఎత్తి ఆఖరి చుక్కదాకా తాగింది. తాగుతుండగానే కళ్ల వెంట నీళ్లు కారాయి.

"విషం పెడుతున్నాననుకున్నావా?"

దెహాయ్ బాణాల కాగితం తీసి పక్కమీద పెట్టాడు. "నాది పుండు కాదు. అంతవరకు నాకు తెలిసింది. మిగతాది నువ్వు చెప్పు."

"కాన్సర్ నాన్నా." ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. "నీ రక్తంలో బలం పడిపోయిందనీ, ఇలా పడిపోయినవాళ్లు ఎక్కువకాలం... అని డాక్టర్ చెప్పింది. ప్రోటీన్ పొడి రాసిచ్చింది. చేతికిస్తే ఎందుకని అడుగుతావు. ఎందుకో చెబితే అన్నీ చెప్పాలి. అందుకని జావలో కలిపాను. రోజుకి రెండుసార్లు కలిపాను. అయినా పడిపోతూనే ఉంది!"

దెహాయ్ పక్క మంచం వైపు చూశాడు. పాంగ్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నవాడి వీపులా లేదు.

"ఆ జావ నేను తాగలేదే. అంతా వాడికే పోశాను."

సూచిన్ ముందు నమ్మలేదు. తర్వాత గిన్నె నేలకేసి కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి మీద అరవడం అదే మొదలు. "నీ అనుమానం తగలెయ్య! పన్నెండు రోజులు! అన్ని రోజులు!"

"అనుమానం పెట్టింది నువ్వు కదే" అన్నాడతను. కానీ అతని గొంతులో పస లేదు.

ఆ సాయంత్రమే డాక్టర్ కౌ గదికి వెళ్లాడు. కాగితం బల్లమీద పరిచాడు.

"డాక్టరమ్మా, మీ దిగువ గుంపువాళ్లకి మందు తగ్గిస్తారా? పక్క మంచం పాంగ్ సంచి నాదాని కంటే పెద్దది."

ఆమె బిత్తరపోయింది. "లేదు పెద్దాయనా! మందు శరీరం బరువుని బట్టి కలుపుతాం. ఆయన బరువెక్కువ, మీరు తగ్గారు."

"మరి గుంపులెందుకు?"

"రక్తంలో ఉండే మాంసకృత్తు, జబ్బుతో పోట్లాడే ఒక రకం తెల్లకణాలు, రెండూ కలిపి ఒక అంకె కడతాం. నలభై అయిదు గీత. దానికి దిగువన ఉన్నవాళ్లలో మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్లు తక్కువ. మూడొందల మందిని చూసి చెబుతున్న మాట ఇది."

"నా సంగతి చెప్పండి."

"అది చెప్పలేను. మూడొందల మంది గురించి చెబుతుంది గానీ, ఒక్క మనిషి గురించి ఆ అంకెకి తెలీదు. ఎగువన ఉన్నవాళ్లూ పోతారు."

దెహాయ్ ఆమె కళ్లలోకి చూశాడు. ఎన్నో ఇళ్లవాళ్లు ఇలాగే తన కళ్లలోకి చూశారు, నీళ్లు తియ్యనివని చెబుతాడేమోనని. ఈమె చూపు తిప్పుకోలేదు.

"తింటే ఆ అంకె లేస్తుందా?"

"లేవొచ్చు. లేచినా ఆయుష్షు పెరుగుతుందని మాటివ్వలేను. మందుని తట్టుకునే ఓపిక మాత్రం వస్తుంది."

"నాలుగో గొట్టం తీసుకోండి. ఈసారి సంతకం నాది."

మెట్లమీద పాంగ్ కొడుకులిద్దరూ అతనికి అడ్డం పడ్డారు. "పెద్దనాన్నా, మీ గదిలో గొడవ జరిగిందని విన్నాం. మా నాన్నకి మాత్రం చెప్పకండి. చెబితే కుంగిపోతాడు, మీకు దణ్ణం పెడతాం." దెహాయ్ వాళ్లని తిట్టబోయి, పెద్దవాడు నిజంగానే చేతులు జోడించడం చూసి ఆగిపోయాడు.

మర్నాడు ఎండలో బెంచీ మీద కూర్చున్నప్పుడు పాంగ్ తనే ఎత్తాడు. "మనిద్దరి సంచీల మీద మందు పేరు ఒకటేనన్నా."

దెహాయ్ అతని వైపు తిరిగాడు. "నువ్వు అడిగితే నేను అబద్ధం చెప్పను. అడగాలనుందా నీకు?" అన్నాడు.

"నా కొడుకులు భయపడుతున్నారా?"

"చచ్చేంత."

పాంగ్ తలూపాడు. "అయితే అడగను. నాకు తెలీదనే అనుకోనీ. తెలిసిందంటే వాళ్లు నా ముందు నవ్వడం మానేస్తారు. ఈ మాట నీ దగ్గరే ఉంచుకో. నేనున్నా, లేకపోయినా."

దెహాయ్ ఆ రోజునుంచి పొడి కలిపిన జావ తనే తాగాడు, ప్రతి చెంచాకీ మొహం చిట్లిస్తూ. పాంగ్‌కి సూచిన్ వేరే గిన్నె తెచ్చింది. ఆరు విడతల మందు అయ్యేసరికి దెహాయ్ అంకె నలభై ఆరు. పాంగ్ మొదటినుంచీ గీతకి ఎగువనే ఉన్నాడు.

ఇళ్లకి వెళ్లాక మూడు నెలలకోసారి ఆసుపత్రినుంచి ఫోన్ వచ్చేది. అవతల ఒక అమ్మాయి, "పేషెంటు ప్రస్తుత పరిస్థితి..." అంటూ సూచిన్‌ని నసుగుతూ అడిగేది. దెహాయ్ ఫోన్ లాక్కునేవాడు. "నేనున్నానా పోయానా అనేగా? ఉన్నాను, రాసుకో తల్లీ."

రెండో ఏడు వసంతంలో పాంగ్ ఫోన్ మోగీ మోగీ ఆగిపోయింది. మళ్లీ చేస్తే పెద్ద కొడుకు ఎత్తాడు. తండ్రి పోయి పదకొండు రోజులైందని చెప్పాడు.

"ఏమీ తెలీకుండానే పోయాడు పెద్దనాన్నా. చివరిదాకా పుండనే అనుకున్నాడు. అదొక్కటే మాకు తృప్తి." ఆగి, సందేహంగా అడిగాడు. "మీతో ఎప్పుడూ ఏం అనలేదు కదా? ఆయనకి అనుమానం రాలేదు కదా?"

సూచిన్ తండ్రి మొహంలోకే చూస్తోంది.

"లేదు నాయనా," అన్నాడు దెహాయ్. "మీ నాన్నకి ఏమీ తెలీదు."